మదాచ్ ఇమ్రె – 'మానవుని విషాదం'

నాటక సాహిత్యమనగానే మన విద్యార్థులకు ముందుగా స్ఫురించే పేర్లు షేక్‌స్పియర్, గేటే, ఇబ్సెన్, బెర్నార్డ్ షా మొదలైనవి. అవి గొప్ప పేర్లే. అయితే పెద్ద భాషల వెలుగులో చిన్న భాషలలోని మహారచనలు కొన్ని కనుమరుగై పోవుట కద్దు. కోటి పై చిలుకు జనులు మాత్రమే మాట్లాడే హంగేరియన్ భాషలో 19వ శతాబ్దమందు వెలువడిన ఒక నాటకం సృష్ట్యాది నుండి భూగోళపు అంత్యదశ వరకు మానవజాతి నడచిన, నడువనున్న దారిని 15 రంగాలలో చూపినది. ఆ నాటకం పేరు 'మానవుని విషాదం'. కర్త మదాచ్ ఇమ్రె. ఆయన జీవితాన్ని, ఆ నాటకంలోని ముఖ్యాంశాలను మా పాఠకులకు పరిచయం చేయుట ఈ వ్యాసోద్దేశం.

ముందుగా పేరు విషయం ఒక మాట. హంగేరియనులు మన తెలుగువారి వలెనే ఇంటిపేరును ముందు, వ్యక్తి పేరును తరువాత వ్రాసుకుంటారు. తక్కిన ఐరోపా వారు ఇమ్రె మదాచ్ అన్నా, స్వదేశంలో ఆయన మదాచ్ ఇమ్రెయే. మనకు సహజమైన పద్ధతి గనుక మేమూ దానినే పాటిస్తున్నాము.

దేశ కాల పరిస్థితులు

హంగేరియన్ భాష చుట్టుపట్ల ఉన్న జర్మన్, స్లావ్ భాషలతో చుట్టరికం లేనిది. ఆ దేశం శతాబ్దాల పాటు హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల ఏలుబడిలో ఉండినది. చదువుకున్నవారు లాటిన్, జర్మన్ భాషలలో వ్యవహరించేవారు. 19వ శతాబ్ది పూర్వార్ధంలో అక్కడ భాషోద్యమం తలయెత్తినది. 1837లో పెష్ట్ నగరంలో హంగేరియన్ భాషకంటూ ఒక నాటకశాల వెలసినది. 1844లో ఆ భాష అధికార భాష అయినది. స్వభాషలో నాటకమాడుట, స్వభాషలో శాసనసభ నడపుట ఆనాటి యువకులకు వేర్వేరు పనులు కావు.

1848 మార్చిలో విప్లవం వచ్చినది. ఆ సంవత్సరపు శాసనాల వలన వ్యవసాయదారుల వెట్టి తొలగినది. లాయోష్ కొషూత్ నాయకత్వాన దేశం స్వాతంత్ర్యానికై పోరాడినది. కాని ఆస్ట్రియా చక్రవర్తికి రష్యా జారు సైన్యం తోడైనందున 1849 ఆగస్టులో హంగేరియన్ సేన ఆయుధాలు అప్పగించక తప్పలేదు. అక్టోబరు 6వ తేదీన అరాద్ పట్టణంలో 13 మంది సేనానులు మరణశిక్ష పొందినారు. కొషూత్ ప్రవాసి అయినాడు. తరువాతి పదేళ్లు పోలీసు పాలన, జర్మన్ అధికారుల పెత్తనం సాగినవి.

ఈ చరిత్రకు మరొక ముఖం కూడ ఉన్నది. హంగేరీ రాజ్యంలో హంగేరియనులే కాక స్లోవాకులు, రొమేనియనులు, సెర్బులు, జర్మనులు మున్నగు పలు జాతులవారు నివసించేవారు. తమ భాషకు గౌరవం కోరిన హంగేరియన్ నాయకులు, అదే గౌరవం కోరిన ఇతరుల మాటను సకాలంలో చెవిని పెట్టలేదు. జాతుల హక్కులను గుర్తించే శాసనం 1849 జులై 28న గాని రాలేదు. అప్పటికి కాలం మించిపోయినది. యుద్ధంలో ఇరుగుపొరుగు జాతులు ఒకరి నెత్తురు ఒకరు చిందించుకున్నారు. ఆ మంటల వేడి మదాచ్ ఇంటికి కూడ తగిలినది.

జీవితం

మదాచ్ ఇమ్రె 1823 జనవరిలో నోగ్రాడ్ మండలంలోని అల్షోస్త్రెగొవ గ్రామంలో జన్మించినారు. ఆ గ్రామం నేడు స్లోవాకియా దేశంలో ఉన్నది. వంశం భూస్వాముల వంశం. పదకొండవ యేట తండ్రి గతించగా తల్లి అన్నా మయితేని పిల్లలను పెంచినది. ఆమె భక్తురాలు, కార్యదక్షురాలు, కఠినశాసన. బాలుడు చిన్ననాటి నుండి రోగపీడితుడు. అందువలన ఆటపాటల కన్న ఇంటి గ్రంథాలయమే అతనికి ఎక్కువ చనవైనది.

1837లో విద్యాభ్యాసానికై పెష్ట్ నగరం చేరినారు. తత్త్వశాస్త్రం, న్యాయశాస్త్రం చదివినారు. సహాధ్యాయి లోన్యయ్ మెన్యహెర్త్ సోదరి ఎతెల్క పట్ల కలిగిన మూగ ప్రేమ 1840లో ఒక చిన్న కవితాసంపుటిగా అచ్చయినది. ఆ తరువాత స్వమండలానికి తిరిగివచ్చి ప్రభుత్వోద్యోగంలో చేరినారు. 1845లో ఎర్జెబెత్ ఫ్రాతెర్‌ను వివాహమాడినారు. ఉల్లాసవతియైన ఆ యువతి అత్తగారికి ఇష్టురాలు కాదు. దంపతులు చెస్త్వె గ్రామంలో వేరు కాపురం పెట్టినారు. ముగ్గురు బిడ్డలు కలిగినారు.

1848–49 పోరాటంలో అనారోగ్యం వలన మదాచ్ ఆయుధం పట్టలేకపోయినారు. ఆయన తమ్ముడు పాల్ సేవలో ఉండగా జబ్బుపడి 1849లో మరణించినాడు. సోదరి మారియా, సైనికాధికారియైన ఆమె భర్త, ఆమె చిన్న కుమారుడు ఓటమి తరువాత ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో పారిపోతూ రొమేనియన్ సాయుధుల చేతిలో హతులైనారు.

అంతటితో కష్టాలు తీరలేదు. కొషూత్ వద్ద కార్యదర్శిగా పనిచేసి పోలీసులకు చిక్కక తిరుగుతున్న ఒక వ్యక్తికి ఆశ్రయమిచ్చినందుకు 1852 ఆగస్టులో మదాచ్‌ను నిర్బంధించినారు. నేటి బ్రాతిస్లావా నగరంలోను, తరువాత పెష్ట్ నగరంలోను సుమారు ఒక సంవత్సరం చెరసాలలో ఉంచినారు. విడిచిన పిమ్మట కూడ కొంతకాలం పెష్ట్ విడిచి పోరాదని ఆంక్ష విధించినారు. ఇంటికి చేరేసరికి సంసారం చెదిరినది. భార్య నడతపై ఆయనకు విశ్వాసం పోయినది. 1854లో దంపతులు విడిపోయినారు. బిడ్డలను తీసుకుని మదాచ్ తల్లి ఉన్న పాత ఇంటికి వెళ్లినారు. ఆ యింటి గదిలో ఏకాంతంగా చదువుతూ, వ్రాస్తూ కొన్ని సంవత్సరాలు గడపినారు.

దేశం ఓడినది, తోబుట్టువులు పోయినారు, ఆరోగ్యం లేదు, గృహసౌఖ్యం లేదు. ఇట్టి స్థితిలో ముప్పది ఆరేండ్ల మనిషి 1859 ఫిబ్రవరి 17న ఒక నాటకం ప్రారంభించి 1860 మార్చి 26న ముగించినాడు. ఆ నాటకమే 'మానవుని విషాదం'.

వ్రాతప్రతికి పట్టిన గతి

1861లో చక్రవర్తి శాసనసభను సమావేశపరచినప్పుడు మదాచ్ సభ్యుడుగా ఎన్నికై పెష్ట్ వెళ్లినారు. తమ వ్రాతప్రతిని ఒక మిత్రుని ద్వారా యానోష్ అరన్య్ చేతికి అందజేసినారు. అరన్య్ ఆనాటి హంగేరియన్ కవులలో అగ్రగణ్యుడు, కిష్ఫలూది సాహిత్య సంఘానికి నిర్వాహకుడు. ఆయన మొదటి రంగం కొంత చదివినారు. సృష్టి ముగించిన ప్రభువు, యంత్రం తయారుచేసిన పనివాని వలె మాట్లాడుట ఆయనకు రుచించలేదు. గేటే 'ఫౌస్ట్'కు ఇది మరొక అనుకరణ అని తలచి ప్రతిని పక్కన పెట్టినారు.

కథ అక్కడే ముగిసినచో నేడు మదాచ్ పేరు స్మరించేవారుండరు. కాని అరన్య్ కొన్నాళ్లకు ఆ ప్రతిని మరల చేతికి తీసుకున్నారు. ఈ మారు చివరివరకు చదివినారు. చదివి, ఇది భావనలో, నిర్మాణంలో ఘనమైన కృతి అని గ్రహించి 1861 సెప్టెంబరులో కవికి స్వయంగా ఉత్తరం వ్రాసినారు. భాషలో కరకుదనం ఉన్నది, పద్యం నడక అక్కడక్కడ తడబడుతున్నది. వాటిని సవరించుటకు అనుమతి కోరినారు. మదాచ్ సంతోషంతో సమ్మతించినారు. అరన్య్ పంక్తి పంక్తిని పరిశీలించి, కవి భావం చెడకుండ మెరుగుపెట్టినారు. అక్టోబరు 31న సంఘం సమావేశంలో మొదటి కొన్ని రంగాలను తామే చదివి వినిపించినారు. గ్రంథం 1862 ఆరంభంలో పాఠకుల చేతికి వచ్చినది. మారుమూల గ్రామంలోని అనామకుడు రాత్రికి రాత్రి జాతీయ కవి అయినాడు.

ఒక మహాకవి తన మొదటి అభిప్రాయాన్ని తానే మార్చుకొని, పరాయివాని కృతికి నెలల తరబడి సేవ చేయుట సాహిత్య చరిత్రలో తరచుగా కనబడే సంగతి కాదు. వ్రాసేవారికే కాక, ఇతరుల వ్రాతలను పరిశీలించి తీర్పు చెప్పే స్థానంలో ఉన్నవారికి కూడ ఇది ఆలోచింపదగినది.

కథా సంగ్రహం

నాటకం సుమారు 4,000 పంక్తుల పద్యంలో సాగినది. మొదటి మూడు రంగాలు, చివరి రంగం ఒక చట్రం వంటివి. నడుమనున్నది ఆదాము కనే కల.

సృష్టి పూర్తి అయినది. దేవదూతలు స్తోత్రం చేస్తున్నారు. లూసిఫర్ ఒక్కడు మౌనంగా నిలిచి, సృష్టిలో నిరాకరణ రూపంలో తనకూ భాగమున్నదని, ఆ భాగం ఇమ్మని అడుగుతాడు. ఆదాము కథ మన పాఠకులకు కొత్త కాదు. ఇస్లాం సంప్రదాయంలో ఇబ్లీస్ ఆదముకు తలవంచనని భీష్మించినాడు. మదాచ్ లూసిఫర్ స్తుతి చేయనని నిలిచినాడు. ప్రభువు అతనికి ఏదెను వనంలోని రెండు చెట్లను విడిచిపెడతాడు. ఒకటి జ్ఞానవృక్షం, రెండవది అమరత్వ వృక్షం. ఆదాము హవ్వలు మొదటి చెట్టు పండు తింటారు. రెండవదానిని అందుకొనకముందే వనం నుండి వెలివేయబడతారు.

వనం వెలుపల ఆదాము కంచె నాటుతూ ఇది నా సొంత భూమి అనుకుంటాడు. హవ్వ పందిరి అల్లుతూ పోయిన వనాన్ని తిరిగి నిర్మించాలనుకుంటుంది. ఆస్తి, కుటుంబం పుట్టినవి. ఇక నా సంతతి భవిష్యత్తు ఏమి, ఈ శ్రమకు ఫలమేమి అని ఆదాము అడుగుతాడు. లూసిఫర్ వారిని నిద్రపుచ్చి చరిత్రను కలగా చూపిస్తాడు.

ఈజిప్టులో ఆదాము ఫరో. కీర్తి కోసం పిరమిడ్ కట్టిస్తున్నాడు. కొరడా దెబ్బలు తిన్న బానిస ఒకడు అతని సింహాసనం ముందు ప్రాణం విడుస్తాడు. ఆ బానిస భార్య రూపంలో ఉన్న హవ్వ ఏడ్పు ఫరో హృదయాన్ని తాకుతుంది. ఒక్కని కోసం కోట్లమంది బ్రతుకుట అన్యాయమని గ్రహించి బానిసలను విడుదల చేస్తాడు.

ఏథెన్సులో అతడు మిల్తియాదిస్ అనే సేనాని. ఇక్కడ ప్రజలే ప్రభువులు. కాని పేదరికం వలన ఓటును అమ్ముకునే జనం, వక్తల ప్రేరేపణకు లోబడి, తమను రక్షించినవానికే మరణశిక్ష వేస్తారు. విసిగిన ఆదాము రోము నగరంలో భోగలాలసుడుగా మారుతాడు. విందు నడుమ మహమ్మారి ప్రవేశిస్తుంది. అపొస్తలుడైన పేతురు సోదరప్రేమను బోధిస్తాడు. ఆదాము ఆ కొత్త ఆశ వెంట సాగుతాడు.

కాన్‌స్టాంటినోపుల్ రంగంలో ఆ ఆశ ఏమయినదో చూస్తాము. అతడు ఇప్పుడు తాన్‌క్రెద్ అనే యోధుడు. ప్రేమను బోధించిన మతంలో ఒక్క అక్షరం తేడా కోసం మనుష్యులను సజీవంగా దహనం చేస్తున్నారు. తండ్రి మొక్కు వలన సన్యాసినుల మఠానికి పోవలసిన యువతి రూపంలో హవ్వ అతనికి దక్కకుండ పోతుంది.

ప్రాగ్ నగరంలో అతడు ఖగోళశాస్త్రజ్ఞుడైన కెప్లర్. గ్రహగతుల నియమాలు కనుగొనగల మేధావి, చక్రవర్తి రుడోల్ఫ్ కోసం జాతకాలు వ్రాయవలసి వస్తుంది. భార్య బార్బరా డబ్బు కోసం వేధిస్తుంది, అతనికి ద్రోహం చేస్తుంది. ఈ రంగంలో మదాచ్ స్వానుభవం తొంగిచూస్తున్నదని విమర్శకులు చెప్పుట సమంజసమే. కెప్లర్ నిద్రలో మరొక కల కంటాడు. అందులో అతడు పారిస్ విప్లవ నాయకుడు దాంతోన్. సమానత్వం కోసం లేచిన ప్రజలు చివరకు అతని తలనే కోరుతారు. విచిత్రమేమనగా, మెలకువ వచ్చిన కెప్లర్ ఈ ఒక్క కల పట్ల మాత్రం విముఖుడు కాడు. నెత్తురు, బురద చిందినను ఆ ఆశయం గొప్పదేనని తలుస్తాడు. తన వద్దకు వచ్చిన శిష్యునికి దుమ్ము పట్టిన గ్రంథాలను వల్లించుట మాని స్వతంత్రంగా ఆలోచించమని బోధిస్తాడు.

తరువాతిది లండన్ నగరం, మదాచ్ నాటి వర్తమానం. ఫరో లేడు, మఠం లేదు, అందరికీ పోటీపడే స్వేచ్ఛ ఉన్నది. కాని అన్నీ అంగడి సరుకులే అయినవి: ప్రేమ, కళ, కార్మికుని ప్రాణం. రంగం చివర అందరూ కలిసి ఒక గొయ్యి త్రవ్వి ఒకరి వెనుక ఒకరు అందులో దిగిపోతారు. హవ్వ ఒక్కతె ఆ గొయ్యిని దాటి తేజస్సుతో పైకి లేస్తుంది.

పన్నెండవ రంగం భవిష్యత్తుది. ఫ్రెంచి చింతకుడు ఫూరియే కలగన్న సామూహిక నివాసం 'ఫలాన్‌స్తేర్' ఇందులో ప్రత్యక్షమవుతుంది. ఆకలి లేదు, యుద్ధం లేదు, దేశాల హద్దులు లేవు. శాస్త్రం సర్వం నిర్ణయిస్తుంది. మనుష్యులకు పేర్లుండవు, సంఖ్యలుంటాయి. ఆఖరి గులాబి పువ్వు ప్రదర్శనశాలలో ఉన్నది. ఆలోచనలో మునిగిన ప్లేటో పశువులను సరిగా కాయలేదని శిక్ష పొందుతాడు. మైకలేంజిలో ఒకే తీరు కుర్చీకోళ్లు చెక్కలేక విసుగుచెందుతాడు. తల్లి ఒడి నుండి బిడ్డను వేరుచేయుటకు అధికారులు వస్తారు.

ఆదాము భూమిని విడిచి అంతరిక్షంలోకి ఎగురుతాడు. అక్కడ ప్రాణం గడ్డకడుతుంది. భూమాత స్వరం అతనిని వెనుకకు పిలుస్తుంది. గమ్యం కన్న పోరాటమే జీవితమని గ్రహించి తిరిగివస్తాడు. వచ్చి చూడగా సూర్యుడు చల్లారినాడు, భూమధ్యరేఖ మంచుతో కప్పబడినది. మిగిలిన ఎస్కిమో ఒకడు వారిని దేవతలనుకొని, మనుష్యుల సంఖ్య తగ్గించి సీల్ జంతువుల సంఖ్య పెంచమని వరమడుగుతాడు. సూర్యుడు క్రమంగా చల్లారునని ఆనాటి శాస్త్రజ్ఞుల నమ్మకం. భవిష్యత్తులో సూర్యతాపం ముందు హెచ్చునని నేటి శాస్త్రం చెప్పుచున్నది. అయినను ఎస్కిమో కోరికలోని దైన్యానికి మార్పు లేదు.

నాటకం అడిగే ప్రశ్న

ఆదాము మేల్కొంటాడు. ఇంత దైన్యానికి తానే మూలమని తలచి, మానవజాతి మొదలుకాకముందే అంతం చేయుటకు కొండ కొమ్ము నుండి దూకబోతాడు. అప్పుడు హవ్వ దగ్గరకు వచ్చి తాను తల్లిని కాబోతున్నానని చెప్పుతుంది. లూసిఫర్ తర్కమంతా ఆ ఒక్క మాటతో వ్యర్థమవుతుంది. ఆదాము మోకరిల్లుతాడు. తన ప్రశ్నలకు సమాధానమిమ్మని ప్రభువును వేడుకుంటాడు. కాని ప్రభువు భవిష్యత్తు రహస్యం విప్పడు. అది తెలియకుండుటయే నీ కృషికి విలువ నిచ్చునని సూచించి, శ్రమించుము, విశ్వాసం విడువకుము అని మాత్రం ఆదేశిస్తాడు.

ఈ ముగింపు చాలదని కొందరు ఆనాడే అన్నారు. యానోష్ ఎర్దేయి అనే విమర్శకుడు, ఇందులో సామ్యవాద భావాన్ని ఎగతాళి చేసినారని, ఇది మానవుని విషాదం కాదు, సైతాను వినోదమని ఆక్షేపించినాడు. 1862లో మదాచ్ అతనికి వ్రాసిన లేఖలో తన ఆశయాన్ని వివరించినారు. స్వాతంత్ర్యాన్ని గాని, క్రైస్తవాన్ని గాని, సామ్యవాదాన్ని గాని పరిహసించుట తన ఉద్దేశం కాదు. మనిషి తనకు పవిత్రమని తోచిన ప్రతి ఆశయం కోసం పాటుపడినాడు. ప్రతిసారీ తనలోని ఏదో బలహీనత వలన పడిపోయినాడు. కాని పడినవానికి తెలియకపోయినను, మానవజాతి ఒక అడుగు ముందుకు పోయినది. ఇదీ ఆ లేఖ సారాంశం.

నాటకాన్ని నిదానంగా చదివినచో ఈ మాట నిజమని తోస్తుంది. ఫరో విడిపించిన బానిసల నుండే ఏథెన్సు పౌరులు పుట్టినారు. ఏథెన్సు జనం చేసిన తప్పు నుండి వ్యక్తి విలువ అనే ప్రశ్న పుట్టినది. ప్రతి రంగంలోని ఓటమి తరువాతి రంగంలోని ఆశకు బీజం. ఏ ఆశయమూ చెడ్డది కాదు. ఆశయం ఆచారంగా, ఆచారం అధికారంగా మారినప్పుడు చెడుతున్నది.

మరొక విశేషం గమనింపదగినది. పదునైదు రంగాలలో హంగేరీ దేశం ఒక్క రంగంలోనైనను లేదు. స్వదేశం ఓడి పదేండ్లయినా కాలేదు. సోదరిని పొరుగు జాతివారు చంపినారు. చెరసాలలో పెట్టినవారు ఇంకా అధికారంలో ఉన్నారు. ఇట్టివాడు కలం పట్టినప్పుడు పగ వ్రాయుట సులభం. మదాచ్ నాటకంలో ఏ జాతిపైన కూడ ద్వేషవాక్యం లేదు. ఆయన నాయకుడు ఈజిప్షియన్, గ్రీకు, రోమన్, జర్మన్, ఫ్రెంచి, ఆంగ్లేయుడు. వారందరూ ఒకే ఆదాము. తన దుఃఖాన్ని తన జాతి దుఃఖంగా, దానిని మానవజాతి దుఃఖంగా విస్తరింపజేయుట ఈ కవి సాధించిన ఘనకార్యమని మా అభిప్రాయం.

లూసిఫర్, హవ్వ

మదాచ్ లూసిఫర్ కొమ్ములు, తోక గల సైతాను కాడు. అతడు చల్లని బుద్ధి. అతడు చెప్పేవి చాలవరకు అబద్ధాలు కావు, సగం నిజాలు. వైఫల్యాన్ని చూపి, దాని వెనుక మిగిలిన లాభాన్ని దాచుతాడు. చివరి రంగంలో ప్రభువు అతనిని నాశనం చేయడు. అతని నిరాకరణ సృష్టికి పులిపిండి వలె పనికివస్తుందని చెప్పి అతనికి కూడ స్థానమిస్తాడు. సందేహం లేని విశ్వాసం గట్టిపడదని కవి భావం కాబోలు.

హవ్వ పాత్ర మరింత చిత్రమైనది. ఆమె ఒకచోట బానిస భార్య, ఒకచోట ద్రోహి, ఒకచోట మూఢ, ఒకచోట మాత. పోయిన వనపు జ్ఞాపకం ఆమెలో ప్రతి యుగంలోను మిణుకుమంటూనే ఉంటుంది. నాటకంలో మానవజాతిని కాపాడినది ఆమె. కాని అదే మదాచ్ విజ్ఞాన పరిషత్తు సభ్యత్వం స్వీకరిస్తూ 1864లో సమర్పించిన స్త్రీ విషయక ఉపన్యాసంలో, స్త్రీకి సృజనాత్మక ప్రతిభ కొరవడినదని వాదించినారు. నాటకంలో చూపిన ఔదార్యం ఉపన్యాసంలో లోపించినది.

ఇందుకు ఒక మంచి ఫలితం కలిగినది. అదే నోగ్రాడ్ మండలానికి చెందిన వెరెష్ పాల్‌నే అనే విదుషి ఈ మాటలకు నొచ్చుకొని అభ్యంతరం తెలిపినది. స్త్రీలకు లోపించినది ప్రతిభ కాదు, చదువుకునే అవకాశమని వాదించినది. అంతటితో ఊరుకోక స్త్రీవిద్య కోసం ఉద్యమించి 1868లో జాతీయ స్త్రీవిద్యా సంఘాన్ని స్థాపించినది. మరుసటి సంవత్సరం పాఠశాల తెరవబడినది. హంగేరీలో బాలికల ఉన్నత విద్యకు అది పునాది. గొప్ప కవి చెప్పిన తప్పు మాటకు సమాధానం పాఠశాల రూపంలో వచ్చినది. మా విద్యార్థినులు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకొందురు గాక.

చివరి దినములు, రంగస్థల చరిత్ర

'మానవుని విషాదం' కాక మదాచ్ మరికొన్ని రచనలు చేసినారు. 1859 నాటి 'నాగరికుడు' అనే ప్రహసనం, నాగరికత నేర్పుతామని వచ్చిన పరాయి అధికారులను అరిస్టోఫనీస్ ఫక్కీలో హేళన చేసినది. 'మోషే' నాటకంలో బానిసత్వం నుండి వెలువడిన జనానికి స్వేచ్ఛను భరించే శక్తి రావడం ఎంత కష్టమో చూపినారు. ఆ వస్తువులో హంగేరీ స్థితి స్పష్టంగా ధ్వనిస్తుంది. 1864 అక్టోబరు 5న హృద్రోగంతో స్వగ్రామంలో మరణించినారు. అప్పటికి వయస్సు 41 సంవత్సరాలు. తమ మహానాటకాన్ని రంగస్థలంపై చూచుకొనే భాగ్యం ఆయనకు కలుగలేదు.

ఇది చదువుటకే గాని ఆడుటకు వీలుకాదని చాలామంది భావించినారు. స్వర్గం, అంతరిక్షం, హిమభూమి రంగస్థలంపై ఎట్లు చూపగలరు? ఎడె పౌలయ్ అనే ప్రయోక్త పూనుకొని, పాఠాన్ని కుదించి, యంత్రాలు, దీపకాంతి, సంగీతం సమకూర్చి 1883 సెప్టెంబరు 21న బుడాపెస్ట్ జాతీయ నాటకశాలలో ప్రదర్శించినారు. హవ్వగా మారి యాసయ్ నటించినది. ఘనవిజయం లభించినది. ఆ తేదీని హంగేరియనులు నేటికీ తమ నాటక దినోత్సవంగా జరుపుకుంటారు. 1892లో హాంబర్గ్ నగరంలో జర్మన్ భాషలో ప్రదర్శన జరిగినది. ఇంగ్లీషు, ఫ్రెంచి మొదలైన అనేక భాషలలోనికే కాక, 1924లో ఎస్పెరాంతో భాషలోనికి కూడ నాటకం అనువదింపబడినది.

పాలకులు ఈ నాటకాన్ని ఎప్పుడూ సుఖంగా చూడలేదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, రాకోషి పాలనలో, ఫలాన్‌స్తేర్ రంగం తమను ఉద్దేశించినదేమో అన్న శంకతో కొన్ని సంవత్సరాలు దీనిని రంగస్థలానికి దూరంగా ఉంచినారు. 1955లో మరల ఆడనిచ్చినప్పుడు జనం విరగబడి వచ్చినారు. సుప్రసిద్ధ తాత్త్వికుడు జ్యోర్జ్ లుకాచ్ ఇందులోని నిరాశావాదాన్ని తీవ్రంగా విమర్శించినారు. నూరేండ్ల నాటి పద్యనాటకం గురించి ప్రభుత్వం భయపడుట, తాత్త్వికులు వాదులాడుట ఆ కృతి ప్రాణంతో ఉన్నదనుటకు నిదర్శనం. 2002 మార్చి 15న బుడాపెస్ట్‌లో నూతన జాతీయ నాటకశాల ప్రారంభమైనప్పుడు మొదట ఆడినది ఈ నాటకమే. 2011లో మార్సెల్ యాంకొవిచ్ దీనిని బొమ్మల చలనచిత్రంగా విడుదల చేసినారు. ఆ చిత్రానికి ఆయన రెండు దశాబ్దాలకు పైగా శ్రమించినారు. 2023లో కవి ద్విశతజయంతి జరిగినది.

ఉపసంహారం

విద్యార్థి మిత్రులారా! చదువుకున్న యువకుని చుట్టూ లూసిఫర్ స్వరం నేడు కూడ వినిపిస్తూనే ఉన్నది. ఎవరు వచ్చి ఏమి బాగుచేసినారు, ఏ ఉద్యమం నిలిచినది, ఏ ఆదర్శం చెడిపోలేదు అని అది ప్రశ్నిస్తుంది. ఆ ప్రశ్నలో నిజం లేకపోలేదు. చరిత్ర తెలియనివాడు దానికి కోపంతో జవాబిస్తాడు. చరిత్ర తెలిసి ధైర్యం లేనివాడు దానికి లొంగిపోతాడు. మదాచ్ ఆ ప్రశ్నను దాచలేదు, తగ్గించలేదు, దాని పూర్తి బలంతో పద్నాలుగు రంగాల వరకు పలికించినారు. పదునైదవ రంగంలో సమాధానం సిద్ధాంతంగా రాలేదు, పుట్టబోయే బిడ్డ రూపంలో వచ్చినది. రేపు రాబోయే వారున్నంత వరకు ఈనాటివారికి పని మానే హక్కు లేదని దాని తాత్పర్యం.

చిన్న భాషలో, మారుమూల గ్రామంలో, రోగి అయిన ఒక మనిషి పదమూడు నెలలలో వ్రాసిన కృతి ఇది. భాష చిన్నదైనంత మాత్రాన భావం చిన్నది కానక్కరలేదు. మన తెలుగులోను, మన ఉర్దూలోను కలం పట్టే యువకులు ఈ ఉదాహరణను మనసున నిలుపుకొందురని ఆశిస్తున్నాము. అట్టి మహానాటకాలు మన కళాశాలల గ్రంథాలయాలలో చేరి, మన భాషలలోనికి అనువదింపబడి, మన వేదికలపై ఆడబడు దినం రావలెనని కోరుకుంటున్నాము.